కంట్లో కాంటాక్ట్ లెన్స్ ఇరుక్కుపోతే, కనిపించకుండా పోతే ఏం చేయాలి

కాంటాక్ట్ లెన్స్ వాడేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుంది. రాత్రి అద్దం ముందు నిలబడి లెన్స్ తీయబోతే అది గుడ్డుకు అతుక్కుపోయి కదలదు, లేదా వేలు తగలగానే జారి ఏదో ఒక రెప్ప కిందికి వెళ్లి కనిపించకుండా పోతుంది. అది గుడ్డు వెనక్కి వెళ్లిపోయిందేమో, అక్కడి నుంచి ఇక ఎప్పటికీ రాదేమో అన్న భయం ఆ క్షణంలోనే పుడుతుంది. కర్నూలులో లెన్సులు అమర్చే పనిలో ఉన్నందువల్ల ఆ భయంతో రాత్రి పూట వచ్చే ఫోన్లు నాకు అలవాటే. అవతలి వారికి నేను మొదట చెప్పే మాటనే ఇక్కడా మొదట రాస్తున్నాను. లెన్స్ కంటి వెనక్కి పోదు, పోవడానికి దారే లేదు.

రెప్పల లోపలి వైపును కప్పి ఉండే పలుచని తడి పొర ఒకటుంది. అది రెప్ప అంచు నుంచి లోపలికి వెళ్లి, కొంత లోతున మడత పడి, తిరిగి ముందుకు వచ్చి తెల్లగుడ్డును కప్పుతుంది. అంటే రెప్పకూ గుడ్డుకూ మధ్య ఉన్న ఖాళీ, అడుగు కుట్టేసిన చొక్కా జేబు వంటిది. లెన్స్ ఎంత లోపలికి జారినా ఆ జేబు అడుగు వరకే వెళ్లగలదు. కింది రెప్ప జేబు లోతు తక్కువ కాబట్టి రెప్పను కిందికి లాగితే అడుగు దాకా కనిపిస్తుంది. పై రెప్ప జేబు ఎక్కువ లోతుగా ఉంటుంది కాబట్టి, కనిపించకుండా పోయిన లెన్స్ చాలాసార్లు అక్కడే మడతపడి దాక్కుని ఉంటుంది.

ఈ వ్యాసమంతటికీ ఆధారమైన విషయం మరొకటి ఉంది. ఇరుక్కున్న లెన్స్ ఓ గంటసేపు కంట్లో అదనంగా ఉన్నందువల్ల జరిగే హాని కంటే, దాన్ని వెంటనే పీకేయాలన్న తొందరలో గోళ్లూ వేళ్లూ చేసే హాని చాలా ఎక్కువ. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన కార్నియా పొర మీద ఒక చిన్న గీత పడినా రాత్రంతా నిద్ర పట్టనంత నొప్పి ఉంటుంది, ఆ గీతలోంచే సూక్ష్మజీవులు లోపలికి వెళ్లి పుండుగా మారే ప్రమాదమూ ఉంటుంది. అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ ముందు తడపడం, తర్వాత ఆగడం, ఆ తర్వాతే ముట్టుకోవడం అన్న వరుసలో ఉంటాయి.

లెన్స్ నిజంగా కంట్లోనే ఉందా?

ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా కంట్లో వేలు పెట్టకూడదు. లెన్స్ ఎప్పుడో కింద పడిపోయి ఉంటే, లేని లెన్స్ కోసం కార్నియానే గిల్లుతూ కూర్చునే ప్రమాదం ఉంది. రాత్రంతా అలా గిల్లుకుని, మర్నాడు ఉదయం ఎర్రబడిన కన్నుతో వచ్చేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఒక్క నిమిషం పట్టే పరీక్షతో ఆ అవస్థ తప్పేది.

ఆ పరీక్ష ఇది. బాగున్న కంటిని అరచేతితో మూసి, అనుమానం ఉన్న కంటితో గోడ మీద ఉన్న క్యాలెండరును చూడండి. తేదీలు లెన్స్ పెట్టుకున్నప్పటి మాదిరిగానే స్పష్టంగా కనిపిస్తే లెన్స్ కార్నియా మీదే, తన చోటనే ఉంది. అద్దాలు తీసేసినప్పుడు ఉండే మసక కనిపిస్తే లెన్స్ కార్నియా మీద లేదని అర్థం. అప్పుడది పక్కకు జారి రెప్ప కింద ఉండాలి, లేదా బయట పడిపోయి ఉండాలి. పవర్ బాగా తక్కువగా ఉన్నవారికీ, పవర్ లేని రంగు లెన్సులు పెట్టుకున్నవారికీ ఈ పరీక్ష పనికిరాదు. వారు మంచి వెలుగులో అద్దం ముందు నిలబడి పక్క నుంచి చూడాలి. మెత్తటి లెన్స్ వ్యాసం సుమారు 14 మిల్లీమీటర్లు, కార్నియా అడ్డంగా సుమారు 12 మిల్లీమీటర్లు. కాబట్టి లెన్స్ అంచు నల్లగుడ్డు దాటి తెల్లగుడ్డు మీద సన్నని వలయంగా కనిపిస్తుంది. ఆ వలయం కనిపిస్తే లెన్స్ ఉన్నట్టే.

బయట వెతకవలసిన చోట్లు కూడా ఉన్నాయి. చెంప మీద, కంటి వెంట్రుకల మధ్య, చొక్కా మీద, చీర కుచ్చిళ్లలో, వాష్‌బేసిన్ అంచున చూడాలి. ఫ్యాను ఆపి, నేల మీద టార్చి వెలుగును ఏటవాలుగా వేసి వెతకాలి. మన ఎండలకు కింద పడిన మెత్తటి లెన్స్ కొద్దిసేపట్లోనే ఎండిపోయి, ముడుచుకుని, పెళుసు ప్లాస్టిక్ రేకు అయిపోతుంది. దాన్ని తడిపితే మళ్లీ ఆకారం వస్తుంది కానీ తిరిగి కంట్లో పెట్టుకోకూడదు. అది దొరికిందని తెలుసుకోవడం వరకే దాని ఉపయోగం.

ఎక్కడా దొరకకపోతే మాత్రం, పడిపోయి ఉంటుందిలే అని వదిలేయకూడదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక ఉదంతం ఈ సందర్భంలో తెలుసుకోదగినది. ఇంగ్లండులోని సోలిహల్ ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ కోసం సిద్ధం చేస్తున్న 67 ఏళ్ల మహిళ కంటిలో 17 లెన్సులు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దగా కనిపించాయి, తర్వాత మరింత పరీక్షగా చూస్తే ఇంకో 10 దొరికాయి. కంట్లో చికాకు ఉన్నా, అది వయసు వల్ల, కన్ను పొడిబారడం వల్ల వచ్చిందని ఆమె అనుకున్నారు. మరుసటి సంవత్సరం స్కాట్లండు వైద్యులు రాసిన మరో ఉదంతంలో, 14 ఏళ్ల వయసులో బ్యాడ్మింటన్ ఆడుతూ కంటికి దెబ్బ తగిలిన అమ్మాయి లెన్స్ పోయిందనే ఇంట్లో అందరూ అనుకున్నారు. అది పై రెప్ప లోపలే పాతుకుపోయి, 28 ఏళ్ల తర్వాత కణితిగా బయటపడింది. ఇవి చాలా అరుదైన సంగతులే. అయినా లెన్స్ బయట దొరకనప్పుడు ఒకసారి కంటి వైద్యులకు చూపించుకోవాలని చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

చేతులు, నీళ్లు

చేతులను సబ్బుతో కడిగి, దూది పోగులు రాలని శుభ్రమైన బట్టతో పూర్తిగా తుడుచుకోవాలి. మామూలు ఊళ్లలో ఇంతవరకు చెబితే సరిపోతుందేమో కానీ రాయలసీమ ఇంట్లో ఇంకో మాట చెప్పక తప్పదు. పొద్దున ఉగ్గానితో పాటు మిరపకాయ బజ్జీ తిన్న వేళ్లకూ, కారం దంచిన వేళ్లకూ, పచ్చిమిరపకాయలు తరిగిన వేళ్లకూ అంటుకునే ఘాటు నూనె స్వభావం కలది. అది ఒట్టి నీళ్లతో పోదు, ఒక్కసారి సబ్బు రుద్దినా పూర్తిగా పోదు. పైగా మెత్తటి లెన్స్ ఆ ఘాటును పీల్చుకుని కంటికి ఆనిస్తూనే ఉంటుంది. కాబట్టి వేళ్ల సందులు, గోళ్ల కింద సబ్బుతో రెండు మూడు సార్లు రుద్ది కడగాలి. కడిగిన వేలిని పెదవికి ఆనించి చూసి, మంట అనిపిస్తే మళ్లీ కడగడం మంచి పద్ధతి, కాకపోతే పెదవికి తగిలిన వేలిని కూడా మరోసారి కడిగాకే కంటి దగ్గరకు తీసుకెళ్లాలి. గోళ్లు పెరిగి ఉంటే ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించడం మేలు.

కంటిని తడపడానికి ఏ నీళ్లు వాడాలన్నది ఇంకా ముఖ్యం. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఫిల్టర్ ప్లాంటు నుంచి తెచ్చుకున్న క్యాన్ నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు, ఇంట్లో ఉప్పు కలిపి చేసుకున్న నీళ్లు ఏవీ పనికిరావు. అకాంతమీబా అనే సూక్ష్మజీవి నేలలోనూ నీటిలోనూ ఉంటుంది. గట్టి పొర కట్టుకుని క్లోరిన్‌ను కూడా తట్టుకుంటుంది. లెన్స్ కింద చేరి, గీత పడిన కార్నియాలోకి దిగిందంటే దానికి చికిత్స నెలల తరబడి సాగుతుంది, చూపు పోయే సందర్భాలూ ఉన్నాయి. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడు నీళ్ల భయంతో ఇంటింటా ఫిల్టర్ నీళ్లు వాడతారు. తాగడానికి అవి మంచివి కావచ్చు కానీ క్రిమిరహితమైనవి కావు. నోటి ఉమ్ముతో లెన్స్ తడపడం కూడా హానికరమే.

వాడదగినవి రెండు. ఒకటి, కాంటాక్ట్ లెన్స్ ఉండగానే వేసుకోవచ్చని సీసా మీద రాసి ఉన్న తడి చుక్కలు. రెండు, క్రిమిరహితమైన సెలైన్. నడిరాత్రి చుక్కలు దొరక్కపోతే, ఆసుపత్రి పక్కన తెరిచి ఉండే మెడికల్ షాపులో 0.9 శాతం నార్మల్ సెలైన్ చిన్న సీసా అడిగి తీసుకోవచ్చు. ఒకసారి తెరిచిన సీసాను ఆ పూటకు వాడి మిగిలింది పారబోయాలి. లెన్సులు నానబెట్టే సొల్యూషన్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న రకం ఒకటుంది, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా కంట్లో వేయకూడదు. పొరపాటున వేస్తే తీవ్రమైన మంటతో కన్ను కాలుతుంది. సీసా మీద ఉన్నది చదవకుండా చుక్క వేయవద్దని నేను పదేపదే చెప్పేది అందుకే.

నీళ్ల విషయంలో ఒకే ఒక్క మినహాయింపు ఉంది. తాంబూలంలో వాడే సున్నం గానీ, బాత్రూం యాసిడ్ గానీ కంట్లో పడితే క్షణం ఆలస్యం చేయకుండా, దగ్గర ఏ నీళ్లుంటే వాటితోనే కంటిని ధారగా కడగడం మొదలుపెట్టాలి. లెన్స్ కోసం ఆగకూడదు, కడుగుతుండగా సులువుగా వస్తే తీసేయాలి. కనీసం పావుగంట కడిగి, ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మెత్తటి లెన్స్ నల్లగుడ్డు మీదే అతుక్కుపోతే

ఇలా అతుక్కోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, లెన్స్ ఎండిపోవడం. మెత్తటి లెన్సుల్లో నీటి భాగం రకాన్ని బట్టి సుమారు 38 శాతం నుంచి 70 శాతం పైదాకా ఉంటుంది. ఆ నీరు ఆవిరయ్యే కొద్దీ లెన్స్ బిగుసుకుని కార్నియాను పట్టుకుంటుంది. మళ్లీ నీరు పడితే ఆ పట్టు దానంతటదే వదులుతుంది. కాబట్టి ఇక్కడ చేయవలసిన పని వేలితో కాదు, చుక్కలతో.

తల కొంచెం వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగి, రెండు మూడు చుక్కలు వేసి, కన్ను నెమ్మదిగా మూయండి. గట్టిగా చికిలించకండి. ఫ్యాను గాలి, ఏసీ గాలి ముఖానికి తగలని చోట కూర్చోండి. రెండు మూడు నిమిషాలకు ఒకసారి మళ్లీ చుక్కలు వేస్తూ, మధ్యమధ్య రెప్పలు ఆడిస్తూ పది పదిహేను నిమిషాలు గడపండి. ఎయిర్ కూలరు ముందు నిద్రపోయి లేచినవారికీ, రాత్రంతా ఏసీ బస్సులో బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చినవారికీ ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు, అరగంట పట్టినా కంగారు పడనవసరం లేదు. ఆ సమయం మీకు చాలా పొడవుగా అనిపిస్తుంది. అయినా ఆగండి, ఈ పద్ధతిలో ఫలితమంతా ఆగడంలోనే ఉంది.

లెన్స్ వదులైందో లేదో తెలుసుకోవడానికి అద్దంలో చూస్తూ కంటిని పక్కలకు తిప్పండి. గుడ్డు కదిలినప్పుడు లెన్స్ అంచు కొంచెం ఆలస్యంగా కదిలితే అది వదిలినట్టు. అప్పుడు మధ్యవేలితో కింది రెప్పను లాగి పట్టుకుని, పైకి చూస్తూ, చూపుడువేలి మెత్తని భాగాన్ని లెన్స్ కింది అంచు మీద ఆనించి దాన్ని కిందికి, తెల్లగుడ్డు మీదికి జార్చండి. అక్కడికి వచ్చాక బొటనవేలు, చూపుడువేలు మెత్తని భాగాలతో దగ్గరికి నొక్కితే లెన్స్ మడతపడి చేతికి వస్తుంది. కార్నియా మీద ఉండగా గిల్లకుండా తెల్లగుడ్డు మీదికి జార్చమనడానికి కారణం, కార్నియాతో పోలిస్తే తెల్లగుడ్డుకు స్పర్శ చాలా తక్కువ, గీత పడినా చూపుకు అడ్డం కాదు. వేలు జారిపోతూ ఉంటే ఆ వేలిని ఒకసారి పొడి బట్టతో తుడుచుకోండి. కన్ను తడిగా, వేలు పొడిగా ఉండాలి.

రెండు మూడు సార్లు ప్రయత్నించాక రాకపోతే ఆపి, మళ్లీ చుక్కలు వేసుకుని, మరో పావుగంట కన్ను మూసుకుని ఉండండి. వరసగా పదిసార్లు గిల్లితే కన్ను వాచి, లెన్స్ పట్టు ఇంకా బిగుస్తుంది.

పై రెప్ప కిందికి వెళ్లిపోతే

లెన్స్ పక్కకు జారినప్పుడు అది ఏ వైపుందో చాలాసార్లు కన్నే చెబుతుంది. నలుసు పడినట్టు గుచ్చుకుంటున్న వైపే అది ఉండవచ్చు. ముందుగా కింది రెప్పను లాగి పైకి చూడండి, తర్వాత కుడికి, ఎడమకు చూడండి. ముక్కు వైపు మూలలో, చెవి వైపు మూలలో లెన్స్ కనిపిస్తే చుక్కలు వేసి, పైన చెప్పిన విధంగానే తెల్లగుడ్డు మీది నుంచి తీసుకోవచ్చు. దాన్ని కార్నియా మీదికి మళ్లీ లాక్కురావలసిన అవసరం లేదు.

ఈ మూడు వైపులా లేకపోతే పై రెప్ప కిందే ఉందనుకుని మొదలుపెట్టాలి. చుక్కలు ధారాళంగా వేసి, కన్ను మూసి, కనుబొమ కింద ఎముక అంచు దగ్గర చూపుడువేలిని ఆనించి, రెప్ప మీదుగా వెంట్రుకల వైపు చాలా మృదువుగా రాయండి. ఆ వేలి కింద గుడ్డు నొక్కుకుంటున్నట్టు అనిపించకూడదు, చర్మం జరిగితే చాలు. పదిసార్లు అలా రాసి, కన్ను తెరిచి, రెప్పలు ఆడించి, మళ్లీ చుక్కలు వేసి మళ్లీ రాయాలి. రాస్తున్నంతసేపూ మూసిన కంటితోనే కిందికి చూస్తున్నట్టు ఉండాలి. మడతపడిన లెన్స్ నెమ్మదిగా కిందికి దిగి, రెప్ప అంచున తెల్లటి పోగుగానో, చిన్న ముద్దగానో కనిపిస్తుంది. దాన్ని చూసి పుసి అనుకుని పొడి బట్టతో తుడిచేయబోతారు, కొంచెం ఆగి చూసి వేళ్లతో తీసుకోండి.

ఇలా రాకపోతే ఇంట్లో మరొకరి సాయం తీసుకోవాలి. మీరు కూర్చుని గడ్డం కొంచెం పైకెత్తి, చూపును మాత్రం మీ పాదాల వైపు దించండి. సాయం చేసేవారు ఎదురుగా నిలబడి, పై రెప్ప వెంట్రుకల దగ్గర పట్టుకుని పైకెత్తి, సెల్‌ఫోను టార్చి వెలుగును పక్క నుంచి వేసి చూడాలి. లెన్స్ అంచు కనిపిస్తే చుక్క వేసి, శుభ్రమైన వేలితో కిందికి జార్చవచ్చు. ఇయర్ బడ్‌ను రెప్ప మీద అడ్డంగా ఆనించి, వెంట్రుకలు పట్టుకుని రెప్పను తిరగేసే పద్ధతి కూడా ఉంది. అది తెలిసిన చేతులకు అర నిమిషం పని, తెలియని చేతులకు కంటి గాయం. నర్సు, ఆప్టోమెట్రిస్టు, కంటి ఆసుపత్రిలో పనిచేసిన వారు ఇంట్లో ఉంటే తప్ప దాన్ని ఇంట్లో చేయవద్దనే నేను చెబుతాను. ఇయర్ బడ్ కొనను రెప్ప కింద దూర్చి తిప్పడం మాత్రం ఎవరూ చేయకూడదు. ప్లకరుతో తీయడం, చీర కొంగు మొనతో తుడవడం కూడా అంతే.

మన ఇళ్లలో ప్రేమతోనే చేసే కొన్ని పనులను ఇక్కడ ఆపవలసి ఉంటుంది. అమ్మమ్మో నాయనమ్మో దగ్గరకు తీసుకుని కంట్లో నోటితో ఊదుతారు, కొంగును ఊది వెచ్చబరిచి ఒత్తుతారు, ఆముదం చుక్క వేస్తారు, చనుబాలు పిండమంటారు, తేనె వేయమంటారు. నోటి గాలితో నోటిలోని క్రిములు కంట్లో పడతాయి. నూనె, పాలు, తేనె ఏవీ క్రిమిరహితాలు కావు, లెన్స్ వాటిని పీల్చుకుని కంటికి అంటిపెట్టుకునే ఉంటుంది. పెద్దవారి మనసు నొప్పించకుండా, లెన్స్ ఉన్న కంటికి సెలైన్ చుక్కలే వేయాలని డాక్టరు గారు చెప్పారని చెప్పండి.

లెన్స్ చిరిగిపోతే

చిరిగిన లెన్స్ బయటికి తీశాక ముక్కలను అరచేతిలో వేసి, సెలైన్ చుక్కతో తడిపి, వేలితో విప్పి గుండ్రంగా పేర్చి చూడండి. వలయం పూర్తయితే కంట్లో ఏమీ మిగలలేదు. ఎక్కడైనా లోటు కనిపిస్తే ఆ ముక్క లోపలే ఉందనుకోవాలి. చుక్కలు వేస్తూ, రెప్పను రాస్తూ ఉంటే చాలాసార్లు అది కన్నీటితో కలిసి ముక్కు వైపు మూలకు వచ్చేస్తుంది. రాకపోతే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చేతిలో ఉన్న ముక్కలను లెన్స్ డబ్బాలో వేసి వెంట తీసుకెళ్లండి. ఎంత ముక్క వెతకాలో డాక్టరుకు దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

గట్టి లెన్సులు

మన దుకాణాల్లో సెమీ సాఫ్ట్ అని పిలిచే ఆర్జీపీ (గాలి చొరబడే గట్టి రకం) లెన్సులకు పై పద్ధతి పూర్తిగా వర్తించదు. ఇవి 9 నుంచి 10 మిల్లీమీటర్ల వ్యాసంతో చిన్నవిగా ఉంటాయి, గిల్లితే మడతపడవు, గిల్లకూడదు కూడా. కార్నియా ఉబ్బి శంకువుగా మారే కెరటోకోనస్ ఉన్న యువతీయువకులు వీటిని ఎక్కువగా వాడతారు, వారి కార్నియా ముందే పలుచనిది కాబట్టి జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

ఇటువంటి లెన్స్ తెల్లగుడ్డు మీదికి జారి అతుక్కుంటే చుక్కలు వేసి కొంచెం ఆగి, లెన్స్ అంచు పక్కనే తెల్లగుడ్డును రెప్ప మీదుగా వేలితో తేలికగా నొక్కండి. అంచు కిందికి గాలో నీరో దూరగానే పట్టు వదులుతుంది. లెన్స్‌ను కార్నియా మీదుగా ఈడ్చవద్దు, దాని అంచు గీస్తుంది. లెన్స్ కొన్నప్పుడు ఇచ్చిన చిన్న రబ్బరు సక్షన్ కప్పు ఉంటే దాని మొనను సెలైన్‌తో తడిపి, లెన్స్ మధ్యలో ఆనించి, పట్టుకోగానే కొంచెం పక్కకు వంచి తీయవచ్చు. అయితే లెన్స్ ఎక్కడుందో కంటికి స్పష్టంగా కనిపిస్తున్నప్పుడే కప్పును వాడాలి. లెన్స్ లేని చోట దాన్ని ఆనిస్తే అది కార్నియానే పట్టి లాగుతుంది.

ఇంకా పెద్దవై, తెల్లగుడ్డు మీద ఆనే స్క్లెరల్ లెన్సులు బిగుసుకుంటే చుక్కలు వేసి, కప్పును మధ్యలో కాకుండా అంచు దగ్గర ఆనించి అంచును ఎత్తాలి. వీటిని అమర్చినవారు తీసే పద్ధతి నేర్పే ఉంటారు. ఒకసారి ప్రయత్నించి రాకపోతే వారి దగ్గరకే వెళ్లడం ఉత్తమం.

ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి

నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు, లెన్స్ మాత్రం దొరకడం లేదు, రాత్రి పదకొండు దాటింది. ఇటువంటప్పుడు తడి చుక్కలు వేసుకుని పడుకుని, ఉదయాన్నే కంటి డాక్టరుకు చూపించుకోవచ్చు. అంతకంటే ఆలస్యం చేయకూడదు. కానీ తీవ్రమైన నొప్పి, వెలుగు చూడలేకపోవడం, ఎరుపు పెరుగుతూ పోవడం, చీము వంటి పుసి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, అద్దాలు పెట్టుకున్నా తగ్గని మసక, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే దాకా ఆగవద్దు. దెబ్బ తగలడం వల్ల లెన్స్ పోయినా, పగిలినా వెంటనే వెళ్లాలి.

కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, కడపలో రిమ్స్‌లోనూ కంటి విభాగాలున్నాయి. మూడు పట్టణాల్లోనూ ప్రైవేటు కంటి ఆసుపత్రులు ఉన్నాయి, పల్లెల్లో ఉన్నవారు బయలుదేరే ముందు ఫోను చేసి డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోవడం మంచిది. ఒక కంటిలోనే లెన్స్ ఉన్నప్పుడు దూరాలను అంచనా వేయడం కష్టం కాబట్టి మీరే బండి నడపవద్దు. కళ్లద్దాలు, లెన్స్ డబ్బా, వీలైతే లెన్స్ పవర్ రాసి ఉన్న పెట్టె వెంట తీసుకెళ్లండి.

అక్కడ చేసేది భయపడవలసిన పని కాదు. కంటిని మొద్దుబార్చే చుక్క వేసి, రెప్పను తిరగేసి, స్లిట్ ల్యాంపు అనే సూక్ష్మదర్శిని వెలుగులో చూస్తారు. ఫ్లోరెసీన్ అనే పసుపుపచ్చ రంగు వేసి నీలి వెలుగు ప్రసరింపజేస్తే కార్నియా మీద గీతలుంటే ఆకుపచ్చగా మెరుస్తాయి. మెత్తటి లెన్స్ ఆ రంగును పీల్చుకుంటుంది కాబట్టి మడతలో దాగిన ముక్క కూడా మెరిసి పట్టుబడుతుంది. లెన్స్ తీయడానికి పట్టే సమయం కొన్ని నిమిషాలే.

ఆ మొద్దుబార్చే చుక్కలను ఇంటికి అడిగి తెచ్చుకోవద్దు. అవి పదేపదే వేస్తే కార్నియా గాయం మానదు, నొప్పి తెలియక గాయం ఇంకా పెరుగుతుంది. అంతకంటే ఎక్కువగా ఆందోళన కలిగించేది, మెడికల్ షాపులో కన్ను ఎర్రబడిందని చెప్పి ఇప్పించుకునే స్టెరాయిడ్ చుక్కలు. ఒక పూటలో ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది, లోపల పుండు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. లెన్స్ వాడే కంటికి డాక్టరు చూడకుండా స్టెరాయిడ్ చుక్క వేయడమంటే చూపును పణంగా పెట్టడమేనని నేను గట్టిగా చెబుతున్నాను.

తీసిన తర్వాత

తీసిన మెత్తటి లెన్స్ ఎంత కొత్తదైనా పారేయండి. అద్దాలు పెట్టుకోండి. లెన్స్ వచ్చేశాక కూడా కొన్ని గంటలు ఏదో ఉన్నట్టే అనిపించడం సహజం, అది గీత వల్ల కలిగే భావన కావచ్చు. చిన్న గీతలు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో మానుతాయి. కానీ మర్నాటికి తగ్గుముఖం పట్టకపోతే, లేదా ఇంకా పెరిగితే ముక్క మిగిలి ఉండవచ్చు, లేదా పుండు మొదలై ఉండవచ్చు, కాబట్టి చూపించుకోవాలి. కంటికి దూది పెట్టి కట్టు కట్టవద్దు. లెన్స్ వల్ల గీత పడిన కంటిని మూసి కడితే క్రిములు పెరగడానికి అది అనువైన చోటవుతుంది. కంటి ఎరుపు పూర్తిగా పోయి, చూపు తేటపడి, ఏ గుచ్చుకోవడమూ లేకుండా కనీసం ఒక రోజు గడిచాకే కొత్త లెన్స్ పెట్టుకోవాలి. డాక్టరు మందు రాసి ఉంటే వారు చెప్పేదాకా పెట్టుకోకూడదు.

మళ్లీ ఇరుక్కోకుండా ఉండాలంటే మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే అనంతపురం ప్రాంతపు పొడిగాలిలో, వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప ఎండలో లెన్స్ త్వరగా ఆరిపోతుంది. బండి మీద వెళ్లేటప్పుడు ముఖం కప్పే అద్దం ఉన్న హెల్మెట్ పెట్టుకోవాలి. వేరుశనగ నూర్చేచోట, పత్తి జిన్నింగు మిల్లులో, బేతంచెర్ల బండల పాలిషింగు దగ్గర పనిచేసేవారు పనివేళల్లో లెన్స్ మాని అద్దాలు వాడటమే మేలు. రాత్రి బస్సు ఎక్కేవారు ఎక్కకముందే లెన్స్ తీసి డబ్బాలో పెట్టాలి, సీట్లో కునుకు పడుతుందని తెలిసి కూడా లెన్స్ ఉంచుకోవద్దు.

పెళ్లిళ్ల సంగతి విడిగా చెప్పాలి. పెళ్లికూతుళ్లకు రంగు లెన్సులు పెట్టడం ఇప్పుడు మన పట్టణాల్లోనూ మామూలైంది. ఆ అమ్మాయి తెల్లవారుజాము ముహూర్తం కోసం అర్ధరాత్రి నుంచే లెన్స్ పెట్టుకుని, కాటుక దిద్దించుకుని, హోమం పొగ ముందు గంటల తరబడి కూర్చుంటుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు పసుపు బియ్యపు నూక కంట్లో పడుతుంది, నిద్ర లేని కన్ను అప్పటికే ఎండి ఉంటుంది. ఆ లెన్స్ పవర్ లేనిదైనా సరే, ముందుగా కన్ను చూపించుకుని కొలత ప్రకారం తీసుకున్నదై ఉండాలి. ఒకరు వాడింది ఇంకొకరు పెట్టుకోకూడదు. అలంకరణకు ముందే లెన్స్ పెట్టుకుని, అలంకరణ తీయడానికి ముందే లెన్స్ తీసేయాలి. పెళ్లిపీటల మీద కన్ను గుచ్చుకుంటే ఓర్చుకోమని చెప్పకుండా, తోడుపెళ్లికూతురి చేతిసంచిలో తడి చుక్కల సీసా, లెన్స్ డబ్బా, కళ్లద్దాలు ఉంచి, అవసరమైతే రెండు నిమిషాలు పక్కకు తీసుకెళ్లి లెన్స్ తీయించాలి.